సర్వర్ గ్రీన్‌లోనే ఉంది, మరి యాప్ ఎందుకు తిరుగుతానే ఉంది?

ఈ రోజు టాపిక్, డేటాబేస్ క్లస్టర్‌లో ఏ సర్వీస్ ఎంత లోడ్ తీసుకుంటోందో కనిపెట్టడం. సపోర్ట్ జాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు చివరిదాకా చూడండి.

ముందు మనకు తెలిసిన చోటి నుంచి పోదాం. శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడు నుంచి బనకచర్ల రెగ్యులేటర్‌కు వస్తాయి. అక్కడ మూడు దార్లు. ఒకటి తెలుగుగంగకు, ఒకటి కేసీ కెనాల్‌కు, ఇంకోటి ఎస్ఆర్‌బీసీ, గాలేరు నగరి వైపు. కడప జిల్లాలో కేసీ చివరి ఆయకట్టు రైతు ‘నీళ్లు రాలేదు సార్’ అన్నాడనుకోండి. ‘డ్యామ్ నిండుగా ఉంది కదా’ అంటే ఆయన మడి తడుస్తుందా? ఏ కాలువలోకి ఎంత పోతోంది, చివరిదాకా ఎంత చేరుతోంది అని కాలువ కాలువకూ కొలవాల్సిందే. డేటాబేస్‌కూ ఇదే లెక్క.

ఒరాకిల్ ర్యాక్ తీసుకుందాం. రెండు, మూడు సర్వర్లు ఉంటాయి, డేటా మాత్రం అందరికీ ఒకటే. ఒక్కో సర్వర్‌ను నోడ్ అంటాం. యూజర్ ఏ నోడ్ ద్వారానైనా లోపలికి రావచ్చు. అందుకే ఒక్క నోడ్ చూస్తే కథ సగమే తెలుస్తుంది. ‘వీ డాలర్’ వ్యూలు మీరున్న నోడ్ సంగతే చెప్తాయి, ‘జీవీ డాలర్’ వ్యూలు అన్ని నోడ్లవీ చెప్తాయి.

మరి సర్వీస్ అంటే ఏంది? యాప్ కనెక్ట్ అయ్యేటప్పుడు చెప్పే పేరు. 10జీ వెర్షన్ నుంచి ఒరాకిల్ ఆ పేరు మీద ఖాతా రాస్తుంది. ఎన్ని కాల్స్ వచ్చాయి, ఎంత టైమ్ పట్టింది, ఎంత సీపీయూ తిన్నది, అన్నీ.

ఉదాహరణకు ఒక బ్యాంకు అనుకోండి. కౌంటర్, మొబైల్, రిపోర్ట్ అని మూడు సర్వీసులు పెట్టారు. ‘జీవీ డాలర్ సర్వీస్‌మెట్రిక్’ తెరిస్తే 5 సెకన్లకు, 60 సెకన్లకు లెక్కలు వస్తాయి. టైమ్ మైక్రోసెకన్లలో ఉంటుంది, మిల్లీసెకన్లు కావాలంటే 1000తో భాగించండి.

మామూలు రోజు మొబైల్ సర్వీస్‌కు సెకనుకు 200 కాల్స్, ఒక్కో కాల్‌కు 5 మిల్లీసెకన్లు. ఇప్పుడూ కాల్స్ 200నే. కానీ ఒక్కోదానికి 80. సీపీయూ మాత్రం అప్పుడూ 3, ఇప్పుడూ 3. ఏం అర్థమైంది? జనం పెరగలేదు, పనీ పెరగలేదు. మిగిలిన 77 మిల్లీసెకన్లు వెయిటింగ్. ఇంకో చిన్న గుణకారం చేయండి. 200 ఇంటూ 5 మిల్లీసెకన్లు అంటే సగటున ఒక్క సెషన్ పనిలో ఉన్నట్టు. 200 ఇంటూ 80 అంటే పదహారు. సీపీయూ గ్రాఫ్ చూస్తే పచ్చగానే ఉంటుంది, ఎందుకంటే ఎదురుచూసేవాడు సీపీయూ తినడు!

దేనికోసం వెయిటింగ్? ‘జీవీ డాలర్ సెషన్’లో సర్వీస్ పేరు, ఈవెంట్ రెండూ ఉంటాయి, వాటి ప్రకారం లెక్కపెట్టండి. ‘ఎన్‌క్యూ’తో మొదలైతే లాక్. ‘డీబీ ఫైల్’ అయితే డిస్క్. ‘జీసీ’ అయితే ఒకే బ్లాక్ కోసం నోడ్ల మధ్య లాగులాట, అప్పుడు ఇంకో నోడ్ కొనిపెడితే తగ్గకపోగా పెరగొచ్చు. రిపోర్ట్ సర్వీస్ వల్లే అని తేలితే, దాన్ని వేరే నోడ్‌కు రీలొకేట్ చేయొచ్చు. కాకపోతే మామూలుగా కొత్త కనెక్షన్లే అటు పోతాయి, పాతవి ఉన్నచోటే ఉంటాయి. డిస్క్ అందరికీ ఒకటే కాబట్టి అన్ని రోగాలకూ ఇది మందు కాదు.

మూడు జాగ్రత్తలు. ఒకటి, అన్ని యాప్‌లూ డీఫాల్ట్ సర్వీస్‌తోనే కనెక్ట్ అయితే ఖాతాలన్నీ కలిసిపోతాయి, ముందు పేర్లు విడదీయండి. ‘సిస్ డాలర్ యూజర్స్’ కింద లోడ్ ఎక్కువుంటే ఎవరో సర్వీస్ పేరు చెప్పకుండా వస్తున్నారని. రెండు, ‘జీవీ డాలర్ సర్వీస్ స్టాట్స్’ నంబర్లు నోడ్ స్టార్ట్ అయినప్పటి నుంచి కూడుతూ పోతాయి, రీస్టార్ట్ అయితే మళ్లీ సున్నా. రెండుసార్లు తీసి తేడా చూడండి. మూడు, ఏడబ్ల్యూఆర్ మామూలుగా గంటకోసారి లెక్క దాచి 8 రోజులు ఉంచుతుంది, కానీ దానికి డయాగ్నస్టిక్స్ ప్యాక్ లైసెన్స్ కావాలి. లేదంటే మీరే ఒక టేబుల్‌లో దాచుకోండి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను పనిచేసిన ఒక చోట రాత్రి కాల్‌లో పదిమంది పెద్దోళ్లు ఉన్నారు. ‘మా సర్వర్ గ్రీన్’ అని ఒకరు, ‘మా కోడ్ మారలేదు’ అని ఇంకొకరు. చివరికి ఆ వారం డిప్లాయ్ చేసిన ఫ్రెషర్ మీదికి తోశారు. ఆ పిల్లోడి దగ్గర తన సర్వీస్ లెక్క లేదు, నోరు మూసుకున్నాడు. తర్వాత చూస్తే లాక్ పట్టుకున్నది వేరే టీమ్ జాబ్. సారీ మాత్రం ఎవరూ చెప్పలేదు.

అందుకే రేపు ఆఫీసుకు పోగానే మీ యాప్ ఏ సర్వీస్ పేరుతో కనెక్ట్ అవుతోందో చూడండి. అంతా బాగున్న రోజు లెక్క రాసి పెట్టుకోండి. బాగున్న రోజు నంబర్ చేతిలో ఉంటేనే బాగలేని రోజు మాట్లాడగలం. మీ దగ్గర ఎన్ని సర్వీసులు ఉన్నాయో కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!