అక్రమప్రవేశము – దండనీతి
(వార్షిక మహాసభయందొసంగిన యుపన్యాసము)



పొలముగట్టు, ఇంటిగోడ, సత్రపుస్థలము – మన కుటుంబములందు వివాదములు పుట్టుచోట్లు తఱచుగా నివియే. పిల్లలు పట్టణములకును విదేశములకును తరలిపోఁగా ఊర నిండ్లకుఁ దాళములు పడుచున్నవి. అట్టిచోటఁ బరులు కాలిడినపుడు చట్టమేమి చెప్పుచున్నదో, అది యెట్లమలగుచున్నదో మేము మనవిచేయఁ బూనితిమి.

ఈ విషయము మన పూర్వులకుఁ గ్రొత్తది గాదు. మనుస్మృతి యష్టమాధ్యాయము సీమావివాదమును విపులముగాఁ జర్చించి, ఎల్లలయందు మఱ్ఱి, రావి మొదలగు వృక్షములను నాటవలెననియు, రాళ్లు, బొగ్గులు, ఇటుకలు నేలలోఁ బాఁతిపెట్టవలెననియు విధించినది. ఇల్లు, చెఱువు, తోట, పొలము – వీనిని భయపెట్టి హరించినవానికి 500 పణములు, తెలియక యాక్రమించినవానికి 200 పణములు దండనము. ఆక్రమణ మొకటియే, బుద్ధినిబట్టి దండనము మాఱుచున్నది.

1860 నాఁటి భారత శిక్షాస్మృతి 441వ సెక్షనును, దాని స్థానమున 2024 జూలై 1వ తేదీనుండి యమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షనును ఈ బుద్ధినే ప్రధానముగాఁ గైకొన్నవి. పరుల స్వాధీనమందున్న యాస్తిలో నేరము చేయుటకో, స్వాధీనమందున్నవారిని బెదరించుటకో, అవమానించుటకో, వేధించుటకో ప్రవేశించుట నేరము. అనుమతితో వచ్చి, పిదప నట్టి యుద్దేశముతో నక్రమముగా నిలిచిపోవుటయు నేరమే. శిక్ష మూఁడు మాసములవఱకు ఖైదు, లేదా 5000 రూపాయలవఱకు జుల్మానా, లేదా రెండును. నివాసగృహము, దేవాలయము, సామానుకొట్టు వంటివానియందైనచో ఖైదు సంవత్సరమువఱకు. పాతస్మృతిలో జుల్మానా పొలమునకు 500, గృహమునకు 1000 రూపాయలు మాత్రమే.

"స్వాధీనము" అను మాట మఱువరాదు. స్థిరస్వాధీనమందున్న కౌలుదారుని, పట్టా తన పేర నున్నను, యజమాని బలిమిచే వెడలఁ గొట్టరాదు, కోర్టుద్వారముననే పోవలెను.

ఇఁక నమలు సంగతి. ఇది పోలీసువారు వారంటు లేకయే పట్టుకొనఁదగిన నేరము. బెయిలు హక్కుగా లభించును. అయినను ఠాణాలో "ఇది సివిలు తగాదా, కోర్టుకుఁ బొండు" అనుమాట మనలోఁ బలువురు వినియేయుందురు. కొన్నియెడల నది సత్యమే. హక్కు తనదని నిజముగా నమ్మి ప్రవేశించినవానియందు నేరబుద్ధి నిరూపించుట కష్టము. కాని కఱ్ఱలతో వచ్చి తాళము పగులఁగొట్టినవారి విషయమున నది సాకు మాత్రమే. అట్టి నేరము వెల్లడియగు ఫిర్యాదును నమోదుచేసితీరవలెనని సుప్రీంకోర్టు రాజ్యాంగధర్మాసనము 2013లోఁ దీర్పుచెప్పినది. నిరాకరించినచోఁ బోలీసు సూపరింటెండెంటునకుఁ దపాలాలో వ్రాసి పంపవచ్చును. అచటను గానిచో మేజిస్ట్రేటును వేఁడవచ్చును. ఇది నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను. స్వాధీనము పోయినవారు 1963 నాఁటి స్పెసిఫిక్ రిలీఫ్ ఆక్టు 6వ సెక్షను క్రింద ఆఱునెలలలోపల దావా వేసినచో హక్కు నిరూపింపనక్కఱలేదు; స్వాధీనము, దాని యక్రమహరణము చూపినఁ జాలును. ఆలస్యము చేసినవారికి మార్గము దీర్ఘమగును.

కావునఁ బన్నురసీదులు, సర్వే కాగితములు భద్రపఱచుఁడు. తాళమువేసిన యింటిని నమ్మినవారిచేఁ జూపించుఁడు.

తుదకొక విన్నపము. మన గట్టును గాచుకొనునట్లే పరుల గట్టును గౌరవింతము. దళిత గిరిజనుల భూమి నాక్రమించుట 1989 నాఁటి చట్టము క్రింద మఱింత ఘోరాపరాధము. అట్టివారిని మన సంఘము వెనుకవేసికొనరాదు. అన్నదమ్ముల నడుమ ఫిర్యాదు పడినను, స్వాధీనమందున్నవారి సమ్మతితో రాజీకిఁ జట్టమే తావిచ్చినది. అట్టి తగవులను మన పెద్దలు ఠాణాకంటె ముందే తీర్చఁగలిగిన నాఁడు ఈ మహాసభ సార్థకమగును.

అందఱకును శుభమగుఁ గాక.