గొర్రు, గుంటక, ఒక కెప్టెన్

ఏరువాక పున్నమినాడు పసుపుకుంకాలు నాగలికే. గొర్రూ గుంటకా ఎవరికీ గుర్తుకు రావు. నిజానికి మన నాటునాగలి మట్టిని తిరగవేయదు. కర్రు నేలను చీల్చుకుంటూ పోతుందంతే. సాలుకూ సాలుకూ నడుమ దున్నని నేల మిగులుతుంది కనుకే మళ్లీ అడ్డంగా దున్నుతారు.

నల్లరేగడిలో గుంటకదే పెత్తనం. దుంగకు బిగించిన వెడల్పాటి ఇనుప పలక పైమట్టి కిందుగా సాగుతూ కలుపు వేళ్లు కోస్తుంది. పైన పొడిమట్టి పరుచుకుంటే అడుగున పదును త్వరగా ఆరదు. బరువు చాలకపోతే రాయి పెట్టేవారు.

ఇక విత్తనం వేసే గొర్రు. జడ్డిగం అనే గిన్నెలోకి గుప్పిట నుంచి గింజలు సన్నగా వదిలితే, గొట్టాల్లోంచి జారి సాళ్లలో పడతాయి. ఎక్కువగా ఆడవాళ్ల పనే. చెయ్యి తడబడితే మొలకలొచ్చాక ఊరంతా చూస్తుంది!

ఈ పనిముట్టు యూరప్‌వాళ్ల కొత్త సృష్టి అనుకున్నాడు హాల్కాట్ అనే కెప్టెన్. దక్షిణాదిలో మామూలు రైతులే వాడుతుండటం చూసి, 1790ల్లో ఇంగ్లండు వ్యవసాయ మండలికి దాని వివరాలన్నీ రాసి పంపాడు.