సిరియా శరణార్థులును దారయా గ్రంథాలయమును



గ్రంథాలయ రజతోత్సవమునాడు యుద్ధప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. యుద్ధమున పుట్టి, యుద్ధముననే రూపుమాసిన గ్రంథాలయ మొకటి గలదు. అది సిరియా దేశమున, రాజధానియగు డమాస్కసును ఆనుకొనియున్న దారయా పట్టణమున నుండెను. ఆ దేశప్రజలలో సగముమందికి పైగా ఇల్లు విడిచి పోవలసివచ్చినది. అది యెట్లు జరిగెనో తెలిసికొనుటకు ఆ గ్రంథాలయపు కథనుండి బయలుదేరుట మేలు.

సిరియాలో 1963లో బాత్ పార్టీకి చెందిన సైనికాధికారులు ప్రభుత్వమును కైవసము చేసికొనిరి. ఆ సంవత్సరమే అత్యవసర శాసనము ప్రకటింపబడెను. అత్యవసరమనగా కొలదిదినముల మాట యని లోకము తలచును. అచ్చట అది 48 సంవత్సరములు నడచినది. ఎవరినైనను పట్టుకొనవచ్చును, విచారణ లేకయే చెరలో నుంచవచ్చును. 1970లో హాఫెజ్ అల్ అసద్ అను సేనాని అధికారము చేపట్టెను. 1982లో హమా నగరమున తిరుగుబాటు రాగా, సైన్యము ఆ నగరమును ఫిరంగులతో కూల్చి వేలకొలది జనమును హతమార్చినది. 2000లో హాఫెజ్ మరణించెను. అధ్యక్షునికి 40 ఏండ్లు నిండియుండవలెనని రాజ్యాంగము చెప్పుచుండెను. కుమారుడగు బషర్‌కు 34 ఏండ్లే. వెంటనే శాసనసభ సమావేశమై రాజ్యాంగములోని 40ని 34గా దిద్దినది. తలకు తగిన పాగాను వెదకుట లోకరీతి. ఇచ్చట తలను కొలిచి చట్టమునే కత్తిరించిరి.

దారయా ద్రాక్షతోటలకు పేరుపొందిన ఊరు. అచటి యువకులు కొందరు 2003 ప్రాంతమున తమ వీధులు తామే ఊడ్చుకొనుటకును, లంచము ఈయవద్దని ప్రచారము చేయుటకును పూనుకొనిరి. ప్రభుత్వము వారిని పట్టి చెరసాలలో వేసినది. చీపురు చేపట్టినవారిని చూచి భయపడిన ప్రభుత్వమున కెంత ధైర్యమున్నదో వేరుగ చెప్పనక్కరలేదు.

2011లో దేశపు దక్షిణ సరిహద్దున నున్న దరా పట్టణమున (ఇది దారయా కాదు, వేరొక ఊరు) బడిపిల్లలు గోడమీద ప్రభుత్వము కూలవలెనని వ్రాసిరి. పోలీసులు వారిని పట్టుకొనిపోయి చిత్రహింసలు పెట్టిరి. బిడ్డలను విడిచిపెట్టుడని అడుగవచ్చిన జనముపై మార్చి నెలలో కాల్పులు జరిగినవి. అచ్చటినుండి అలజడి దేశమంతట వ్యాపించెను. ఏప్రిలులో అత్యవసర శాసనమును రద్దుచేసితిమని ప్రకటించిరి గాని తుపాకులు ఆగలేదు. దారయాలో యువకులు సైనికులకు గులాబిపూలును, మంచినీటి సీసాలును అందించిరి. ఆ పనికి ముందు నిలిచినవారిలో ఒకడగు గియాత్ మతర్ సెప్టెంబరులో అరెస్టయ్యెను. కొలదిదినములకే శవమును ఇంటివారికి అప్పగించిరి.

అటుపిమ్మట ఏమైనదో ఊహింపవచ్చును. కాల్చనొల్లని సైనికులు కొందరు సైన్యమును వీడి ఎదురు తిరిగిరి. పూలిచ్చిన ఊళ్లే ఆయుధములు పట్టినవి. ఇరాను, రష్యాలు ప్రభుత్వమునకును, టర్కీ, గల్ఫు రాజ్యములు, అమెరికా ప్రతిపక్షములకును అండగ నిలిచినవి. ఆ సందున మతోన్మాదులు కొంత దేశమును ఆక్రమించుకొనిరి. ఆయుధము పట్టిన ఏ పక్షమును నిష్కళంకమని చెప్పుటకు వీలులేదు. కాని దారయా ఆకాశమున తిరుగాడిన విమానములు మాత్రము ప్రభుత్వమువే.

2012 ఆగస్టులో ఆ ఊర వందలాదిమంది హతులైరి. నవంబరున సైన్యము ఊరిని ముట్టడించినది. హెలికాప్టరులనుండి, మందుగుండును ఇనుపముక్కలను కూరిన పీపాలు ఇండ్లపై పడుచుండెను. జనము చాలవరకు వెడలిపోగా, కొలదివేలమంది మిగిలిరి. గడ్డియు ఆకులును ఉడికించిన చారే వారికి అనేకదినములు భోజనము.

అట్టి కాలమున, 2013లో, కొందరు యువకులు కూలిన యిండ్లలో దుమ్ముపట్టి పడియున్న పుస్తకములను ఏరసాగిరి. పొంచియుండి కాల్చువారి కంటబడకుండ గోడలచాటున ప్రాకుచు మోసికొనివచ్చిరి. అట్లు ప్రోగైనవి సుమారు 15,000 సంపుటములు. ఒక శిథిలభవనపు నేలమాళిగలో బీరువాలు కట్టి వరుసగా అమర్చిరి. గాయపడినవారికి చికిత్సచేయు అనుభవములేని వైద్యసహాయకులు అచ్చట వైద్యగ్రంథములు చూచుకొనిరి. పాఠము చెప్పుట యెరుగనివారు పాఠ్యపుస్తకములు తీసికొనిపోయిరి. పహరాకు పోవు యువకుడు తుపాకితోపాటు పుస్తకము కూడ వెంట గొనిపోయెడివాడు.

ఇందు గమనింపదగిన విషయ మింకొకటి గలదు. ప్రతి పుస్తకముపైనను, అది యెవరి యింట దొరికెనో, ఆ యజమాని పేరు వ్రాసిపెట్టిరి. యుద్ధము ముగిసి ఇంటివారు తిరిగివచ్చినపుడు ఎవరిది వారికి అప్పగింపవలెనని వారి తలంపు. అన్నము లేని ఊర, ప్రాణము నిలుచునన్న నమ్మకము లేని వేళ, పరుల సొత్తునకు లెక్క వ్రాసిన యువకులు వారు.

అదే దేశమున ప్రభుత్వము సొత్తును గూర్చి చేసిన ఏర్పాటు వేరు. 2018 ఏప్రిలులో 10వ నెంబరు శాసనము వెలువడెను. పునర్నిర్మాణ ప్రాంతమని ప్రకటించిన చోట ఇల్లు, నేల గలవారు 30 దినములలో హక్కుపత్రములు చూపవలెను. విదేశములలో అలజడి లేచిన పిమ్మట గడువును ఏడాదికి పొడిగించిరి. అప్పటికి యజమానులు లక్షలకొలది పరదేశములలో నుండిరి. కాగితములు కొందరివి కాలిపోయినవి, కొందరికి మొదటినుండియు లేవు. తిరిగివచ్చినచో చెరసాల యను భయము. అడంగలులో పేరు తప్పిపోయిన రైతు కచేరిచుట్టు తిరుగు పాట్లు మన పల్లెలకు తెలియనివి కావు. కచేరి యుండి, తిరుగుటకు కాళ్లుండియు అంత ప్రయాస! సరిహద్దుకు ఆవల గుడారములో నున్నవాడేమి చేయగలడు?

ఆ గుడారముల సంగతి చెప్పవలెను. యుద్ధమునకు ముందు సిరియా జనసంఖ్య 2 కోట్లకు పైబడియుండెను. దేశము విడిచినవారు 60 లక్షలకు మించిరి. అంతకు తక్కువకాని జనము దేశములోనే చోటు మారిరి. ఒక్క టర్కీయే ఒక దశలో 36 లక్షలమందికి ఆశ్రయమిచ్చినది. జోర్డానులో 2012 జూలైలో తెరచిన జాతరి శిబిరము ఏడాది తిరుగకమునుపే పట్టణమంతటిదైనది. లెబనానులో ఒక దశలో నలుగురిలో ఒకరు సిరియా శరణార్థిగా నుండెను. అచ్చటి ప్రభుత్వము శిబిరములు కట్టనీయలేదు. అందుచే బెకా లోయలో పరుల పొలమున అద్దె చెల్లించి గుడారము వేసికొని, ఆ పొలములలోనే కూలికి పోయిరి. శరణార్థుల హక్కులను గూర్చిన 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడికపై జోర్డానుగాని లెబనానుగాని సంతకము చేయలేదు. సంతకము చేసిన సంపన్న దేశములు పెక్కు తమ సరిహద్దులకు ముళ్లకంచెలు వేసికొనినవి. వీనిలో జర్మనీ 2015లో ద్వారములు తెరచి లక్షలమందిని చేర్చుకొనుట గొప్ప విశేషము.

ఈ సిరియా ప్రజలే ఒకనాడు ఇతరులకు చోటిచ్చినవారు. 1948లో పాలస్తీనావారు, 2003 తరువాత ఇరాకువారు ఆ దేశమున తలదాచుకొనిరి. డమాస్కసు చెంతనున్న యార్మూక్‌లోని పాలస్తీనావారైతే రెండవమారు శరణార్థులైరి.

2016 ఆగస్టు చివర దారయా లొంగినది. మిగిలినవారిని బస్సులలో ఎక్కించి, పెక్కుమందిని ఉత్తరముననున్న ఇద్లిబుకు పంపిరి. ఒక్కొక్కరు చేతికందిన సంచితో బయలుదేరిరి. పుస్తకములు నేలమాళిగలోనే నిలిచిపోయినవి. తరువాత సైనికులు వానిని కనుగొని కొల్లగొట్టిరనియు, డమాస్కసు వీధులలో చవుకగా అమ్ముడుపోయిననియు తెలియవచ్చినది.

2024 డిసెంబరు 8వ తేదీన బషర్ అల్ అసద్ దేశము విడిచి మాస్కో చేరెను. ఇతరులను శరణార్థులుగా చేసినవానికి శరణు దొరకుటకు ఒక్కదినము పట్టలేదు. 2025 సెప్టెంబరు నాటికి 10 లక్షలమంది విదేశములనుండి స్వదేశమునకు తిరిగివచ్చిరి. వారిలో పెక్కుమందికి ఇంటిచోట రాళ్లగుట్ట కనబడినది. కొందరి యిండ్లలో అన్యులు కాపురముండిరి. డమాస్కసు వీధులలో అమ్ముడుపోయిన ఆ పుస్తకములు ఎవరెవరి యిండ్లకు చేరెనో చెప్పగలవారు లేరు. వాని లోపల సొంతదారుల పేర్లు మాత్రము వ్రాసియున్నవి.