చిన్న కారు, మూడు కోరికలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నీకు తెలిసింది ఏదో ఒకటి మాట్లాడు" అని నిర్వాహకులు అన్నారు. నాకు తెలిసింది బండ్ల సంగతే. చాలా ఏండ్లు వాటి కింద పడుకొని పని చేసినవాణ్ణి. మన పాత విద్యార్థుల్లో ఎవరు ఫోన్ చేసినా మొదటి మాట క్షేమం, రెండో మాట "అన్నా, ఏ కారు కొనాలె?" నేను ఏ పేరు చెప్పినా మూడో మాట మాత్రం మారదు: "మైలేజీ ఎంత ఇస్తది?"

ఆ ప్రశ్న తప్పు కాదు. కానీ అదొక్కటే అడిగితే తప్పు. మన నాయనలు ఎడ్ల అంగడికి పోయిన రోజులు గుర్తు తెచ్చుకోండి. పండ్లు చూసేవారు, గిట్టలు చూసేవారు, నడిపించి చూసేవారు, వీలైతే కాడి కట్టి చూసేవారు. ఈ ఎద్దు ఎంత తక్కువ మేస్తదని ముందుగా అడిగిన రైతును నేను చూడలేదు. దుక్కి మధ్యలో కూలబడని ఎద్దు, చెప్పిన మాట వినే ఎద్దు కావాలి. మేత లెక్క ఆ తర్వాత. కారుకు కూడా ఆ మూడే లెక్కలు: మేత, మన్నిక, మాట వినడం. షోరూం భాషలో మైలేజీ, రిలయబిలిటీ, డ్రైవింగ్ సరదా.

ఈ మూడూ ఒకే బండిలో మొదటిసారి మన దేశానికి వచ్చింది 1983 డిసెంబరు 14న. ఆ రోజు మారుతి 800 మొదటి తాళం చేతులు మారింది. అప్పటి ధర సుమారు 47,500 రూపాయలు. ఇంజను 796 సీసీ, మూడు సిలిండర్లు. అంతకుముందు కారంటే అంబాసిడర్, లేదంటే ఫియట్. అంబాసిడర్ బరువు 1,100 కిలోలు దాటేది. మారుతి సుమారు 650 కిలోలు. అంత చిన్న ఇంజను అంత హుషారుగా ఎట్లా లాగిందంటే, జవాబు మన ఫిజిక్స్ సారు బోర్డు మీద రాసిందే: బలం అంటే ద్రవ్యరాశి గుణించు త్వరణం. బరువు తక్కువైతే కొద్ది బలమే చాలు. కాబట్టి పెట్రోలు తక్కువ తాగుతుంది, పికప్ బాగుంటుంది, బ్రేకులు, టైర్లు, క్లచ్ మీద భారం తగ్గి ఎక్కువ కాలం వస్తాయి. 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. అది నేర్పిన పాఠం ఇప్పటికీ పాతబడలేదు.

అయితే ఆ తేలికదనానికి ఒక ధర ఉంది. 2014 జనవరిలోనే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్ముతున్న ఐదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించి చూసింది. ఎయిర్‌బ్యాగులు లేని ఆ ఐదింటికీ పెద్దల రక్షణలో సున్నా వచ్చింది. ఆ తర్వాత నిబంధనలు మారాయి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్, ఆ జూలై నుంచి డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయ్యాయి. 2023 అక్టోబరులో భారత్ ఎన్‌క్యాప్ మొదలైంది. రక్షణ పెరిగితే బరువు కొంత పెరుగుతుంది, మైలేజీ కొంత తగ్గుతుంది. ఆ తగ్గిన దానికి ఏడవకండి. సెకండ్ హ్యాండ్ కారు చూసే తమ్ముళ్లు ఈ 2019ని గుర్తు పెట్టుకోండి. నలభై, యాభై వేలు ఎక్కువైనా ఏబీఎస్ ఉన్న బండే తీసుకోండి.

ఇప్పుడు మైలేజీ లెక్క చేద్దాం. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరుగుతారనుకోండి. లీటరు 100 రూపాయలే అనుకుందాం, లెక్క సులువుగా ఉంటుంది. లీటరుకు 10 ఇచ్చే బండి 1,000 లీటర్లు తాగుతుంది. 15 ఇచ్చేది 667 లీటర్లు తాగుతుంది. అంటే 333 లీటర్లు మిగిలాయి. 15 నుంచి 20కి పోతే మిగిలేది 167 లీటర్లు. 20 నుంచి 25కి పోతే 100 లీటర్లే. ప్రతిసారీ పెరిగింది ఐదే, మిగిలేది మాత్రం తగ్గుతూ పోతుంది. 20 ఇచ్చే బండి వదిలి 25 ఇచ్చే బండి కోసం లక్ష ఎక్కువ పెట్టినవాడికి ఏడాదికి మిగిలేది పది వేలు. ఆ లక్ష తిరిగి రావడానికి పదేండ్లు పడుతుంది, అదీ వడ్డీ లేకుండా. ఈఎంఐ మీద కొన్నవాడి సంగతి మీరే లెక్క వేసుకోండి.

పైగా షోరూంలో చెప్పే ఆ అంకె రోడ్డు మీద వచ్చింది కాదు. బండిని రోలర్ల మీద పెట్టి, ఒక పద్ధతి ప్రకారం వేగం పెంచుతూ తగ్గిస్తూ తీసిన అంకె. ఆ పరీక్షలో పై వేగం 90 కిలోమీటర్లు. ఇన్నాళ్లూ ఏసీ ఆపే చేస్తూ వచ్చారు. అది అబద్ధం కాదు, రెండు బండ్లను పక్కపక్కన పెట్టి పోల్చడానికి పనికొస్తుంది. కానీ మే నెల ఎండలో ఏసీ వేసుకొని, ఐదుగురు కూర్చొని, కరీంనగర్ పెండ్లికి పోయే బండికి అది వర్తించదు.

ఐదుగురు అన్నాను కదా, ఇక్కడే మనవాళ్లు మోసపోతారు. 750 కిలోల చిన్న కారులో 65 కిలోల చొప్పున ఐదుగురు ఎక్కితే 325 కిలోలు. బండి బరువుకు 43 శాతం అదనం. షోరూంలో టెస్ట్ డ్రైవ్ ఇచ్చేది మీరు ఒక్కరు, సేల్స్ పిల్లవాడు ఒక్కడు కూర్చొని. అప్పుడు ప్రతి బండీ గుర్రమే. నేను కూడా ఒకసారి అట్లాగే కొని, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని కొండగట్టు ఎక్కబోతే రెండో గేరులో బండి ముక్కింది, ఏసీ ఆపక తప్పలేదు. మా అవ్వ వెనక సీట్లోంచి "దిగి నూకాల్నా బిడ్డా?" అన్నది. అందుకే చెప్తున్నాను, టెస్ట్ డ్రైవ్‌కు ఇంటివాళ్లను తీసుకొని పోండి. కాడి కట్టి చూడటమంటే అదే.

మైలేజీకి, సరదాకు, మన్నికకు ఎక్కడెక్కడ తగాదా వస్తుందో ఇప్పుడు చెప్తాను.

మొదటిది గేర్లు. ఇంజను తక్కువ చుట్లు తిరిగితే పెట్రోలు మిగులుతుందని కంపెనీలు పై గేర్లను అట్లా అమరుస్తాయి. ఐదో గేరులో 50 మీద పోతూ యాక్సిలరేటర్ తొక్కితే బండి లేవదు. అది జబ్బు కాదు. ఒక గేరు దించండి, లేస్తుంది. ఐదో గేరులోనే తొక్కి తొక్కి ఇంజనును కొట్టుకునేలా చేస్తే మైలేజీ రాదు, మన్నికా పోతుంది.

రెండోది టైర్లు. సన్నటి టైరు సులువుగా దొర్లుతుంది, మైలేజీ ఇస్తుంది. పట్టు కొంచెం తక్కువ. కుర్రవాళ్లు అందం కోసం వెడల్పు టైర్లు వేయిస్తారు. దాంతో స్టీరింగు బరువెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది. కంపెనీ చెప్పిన సైజులోనే మంచి టైరు వేసుకోవడం మేలు. గాలి ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసి ఉంటుంది. నిండుగా మనుషులు ఉన్నప్పుడు ఎంతో కూడా చాలా బండ్లలో అక్కడే ఉంటుంది. పదిహేను రోజులకోసారి గాలి చూపించండి. మూడు లెక్కలకూ ఒకేసారి లాభం చేసే పని ఇదొక్కటే.

మూడోది టర్బో. లీటరు ఇంజనుకు టర్బో పెట్టి పెద్ద ఇంజను బలం ఇస్తున్నారు. నడపడానికి నిజంగా సరదాగా ఉంటుంది. కానీ ఆ టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. దాన్ని బతికించేది ఇంజను ఆయిలు. "వచ్చే నెల మార్పిద్దాం" అనుకునేవాళ్లు టర్బో జోలికి పోవద్దు. టర్బో లేని మామూలు పెట్రోలు ఇంజను మన బద్ధకాన్ని కొంతవరకు క్షమిస్తుంది. డీజిలు సంగతి కూడా ఇట్లాంటిదే. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 డీజిలు బండ్లకు పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంది. ఆ మసి కాలిపోవాలంటే అప్పుడప్పుడు హైవే మీద ఆగకుండా నడవాలి. ఇంటి నుంచి బడికి, బడి నుంచి దుకాణానికి తిరిగే బండికి డీజిలు వద్దు.

వేగం గురించి ఒక్క మాట. గాలి ఎదురు తోసే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 80 మీద పోయేవాడు 100కు పెంచితే వేగం పెరిగింది 25 శాతం, గాలి ఎదురుబలం పెరిగింది 56 శాతం. మిగిలే సమయం ఎంతో, కాలే పెట్రోలు ఎంతో మీరే చూసుకోండి.

మన ప్రాంతంలో ఒక మన్నిక సమస్య ఉంది. మన దగ్గర ఎన్నో కార్లు దుబాయి, మస్కట్, సౌదీ పైసలతో కొన్నవి. కొన్నవాడు నెల రోజులు తిప్పి మళ్లీ విమానం ఎక్కుతాడు. బండి రెండేండ్లు వాకిట్లో కవరు కప్పుకొని నిలబడుతుంది. వచ్చేసరికి బ్యాటరీ చచ్చిపోతుంది, టైర్లు ఒకవైపు చదునవుతాయి, వైర్లు ఎలుకలు కొరుకుతాయి, ట్యాంకులో పెట్రోలు చెడిపోతుంది. ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలుస్తున్నది. దానితో మైలేజీ కొంచెం తగ్గుతుంది, పాత బండ్లలో రబ్బరు పైపులు, గాస్కెట్లు చూపించుకోవాలి కూడా. ఇంట్లో నడపడం వచ్చినవాళ్లు ఉంటే వారానికోసారి అరగంట రోడ్డు మీద తిప్పమనండి. వాకిట్లో స్టార్టు చేసి ఐదు నిమిషాలకు ఆపితే లాభం కన్నా నష్టం ఎక్కువ. ఇంట్లో ఎవరికీ రాకపోతే, పోయే ముందు బ్యాటరీ తీగ విప్పించి పోండి. అంతకన్నా మంచి ఉపాయం, మీ ఆడవాళ్లకు నడపడం నేర్పి పోండి. అర్ధరాత్రి ఆసుపత్రికి పోవలసి వస్తే కవరు కింది కారు ఎవరికి అక్కరకొస్తుంది?

చివరికి సరదా. సరదా అంటే 120 మీద పోవడం కాదు. మనం అనుకున్న చోటికి తిరిగి, అనుకున్న చోట ఆగే బండిని నడుపుతుంటే కలిగే ధీమాయే సరదా. స్టీరింగు బిగుతుగా ఉండి, బ్రేకు సమానంగా పట్టి, రోడ్డు కనబడేలా సీటు ఉంటే చిన్న కారు ఇచ్చే ఆనందం పెద్ద కారు ఇవ్వదు. ఆ సరదా, రక్షణ రెండు వేరు కావు.

అందుకే ఈ మాట చెప్పకుండా దిగిపోలేను. 2018 సెప్టెంబరు 11 మనం ఎవరం మరిచిపోలేదు. కొండగట్టు ఘాట్‌లో బస్సు లోయలో పడి అరవై మందికి పైగా పోయారు. అందులో మన మండలం పల్లెల వాళ్లు ఎందరో. ఈ సభలో కూడా ఆ ఇండ్ల వాళ్లు ఉన్నారు. ఆ ప్రమాదం గురించి తీర్పు చెప్పడానికి నేను ఎవరినీ కాను. ఘాట్ దిగే మన అలవాటు ఒకటి గురించి మాత్రం చెప్తాను. పెట్రోలు మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కార్బురేటర్ బండ్ల రోజుల్లో దాంట్లో కొంత నిజం ఉండేది. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు సరఫరా ఆగిపోతుంది. చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది. అంటే న్యూట్రల్‌తో చుక్క కూడా మిగలదు. మిగలకపోగా ఇంజను పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది, బ్రేకులు వేడెక్కుతాయి, వేడెక్కిన బ్రేకు పట్టదు. ఎక్కేటప్పుడు ఏ గేరు కావాలో దిగేటప్పుడూ అదే గేరు. ఇంటికి పోయినంక మీ పిల్లలకు ఈ ఒక్క వాక్యం చెప్పినా నా ప్రసంగం వృథా కానట్టే.

సంఘానికి ఒక విన్నపం. మన మండలంలోనే నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. ఆ పిల్లలను పిలుచుకొని, ఊరి మెకానిక్‌లను కూడగట్టి, ఏడాదికి ఒక్క ఆదివారం మన బడి గ్రౌండులో బండ్లకు టైర్లు, బ్రేకులు, లైట్లు ఉచితంగా చూసే శిబిరం పెడదాం. కార్లతో పాటు ఆటోలు, ట్రాలీలు కూడా రానివ్వండి. నేను నా పాన, జాకీ తీసుకొని పొద్దున్నే వస్తాను.

ఏ కారు కొనాలె అని అడిగారు కదా. జగిత్యాల మెకానిక్ విప్పగలిగింది, సామాను దొరికేది, ఇంటిల్లిపాదితో కొండ ఎక్కగలిగింది, దిగేటప్పుడు మాట వినేది కొనండి. ఆ నాలుగూ ఉన్న రెండు బండ్లు ఎదురుగా నిలబడితే, అప్పుడు మైలేజీ అడగండి.