పొరుగిల్లు



అమెరికా యన్న మాట వినని గడప నేఁడు మన పల్లెలలో లేదు. ముప్పదిమూఁడేండ్లు తెలుఁగు పాఠములు చెప్పి విశ్రమించిన నేనును 2023లో నా కుమారుని యింట నైదు మాసములుండి వచ్చితిని. అతని కాపురము న్యూజెర్సీ రాష్ట్రములోని ఎడిసన్. న్యూయార్కు మహానగరమునకు సుమారు ముప్పది మైళ్ల దూరమున నున్న శివారు పట్టణమది. శాస్త్రజ్ఞుఁడైన ఎడిసన్ ప్రయోగశాల యొకప్పుడచట నుండుటచే 1954లో దానికా పేరు పెట్టిరి.

ఆ కాలమున నచటివారిలో మిక్కిలి పెక్కురు తెల్లవారు. 1948లో వెలసిన ఫోర్డు కార్ల కర్మాగారము వేలమందికి కూడు పెట్టి 2004లో మూఁతపడినది. ఈలోపల ఊరి రూపు మాఱినది. 2000 నాఁటి జనాభా లెక్కలలో నూటికి 29 మంది ఆసియావారు. 2010 నాఁటికి 43 మంది. ఆ 43 మందిలో 28 మంది భారతీయులే. ఓక్ ట్రీ రోడ్డున నడచినచో చీరల యంగళ్లు, మిఠాయి దుకాణములు కన్పట్టును. తెలుఁగు మాటయు వినఁబడును.

ఇఁక ఆదాయము. ఊరిలోని యిండ్లన్నిటిని ఆదాయక్రమమున వరుసగా నిలిపి నట్టనడిమి యింటిని చూడుఁడు. దాని సంవత్సరాదాయమే యచటివారు చెప్పెడి లెక్క. 2000 నాఁడది సుమారు డెబ్బదివేల డాలర్లు. 2010 నాఁడు సుమారు ఎనుబదియేడువేలు. ఒకనాఁడు మా యింటికి విందునకు వచ్చిన మిత్రుఁడు, “మనవారు వచ్చిరి, ఊరు బాగుపడినది. మన సంస్కారమట్టిదండీ” అనెను. నేనును మీసము దువ్వితిని. కాని యా లెక్కలో ఆదాయము నూటికి ఇరువదినాలుగు పెరుఁగఁగా, ధరలు అంతకన్న నెక్కువగా పెరిఁగినవి! అంకె లావైనది కాని, కొనెడి శక్తి కాదు.

పొరుగింటి నల్లజాతి వృద్ధుఁడు సాయంకాలపు నడకలో నాకు తోడు. నా మనుమఁడు దుబాసి. ఆ వృద్ధుఁడొకనాఁడు చెప్పెను: “మా తండ్రి రెండవ ప్రపంచయుద్ధమున సిపాయి. తిరిగివచ్చి యొక శివారులో నిల్లు కొనఁబోఁగా అమ్ముడైపోయినదనిరి. మఱునాఁడా యింటినే తెల్లవానికి చూపిరి.” తెల్లవారికి దక్క నమ్మరాదని దస్తావేజులలో వ్రాసికొనుట యా దేశమున నాఁడు వాడుక. అట్టి షరతులను న్యాయస్థానములు అమలుపఱుపరాదని 1948లో వారి సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఐనను నిరాకరణ మాగలేదు. ఇండ్ల విషయమున జాతిభేదము చూపరాదని శాసనము పుట్టుటకు 1968 వఱకు పట్టినది.

మన సంగతియు వినుఁడు. భారతీయులు అమెరికా పౌరులగుటకు తగరని 1923లో ఆ న్యాయస్థానమే తీర్పు చెప్పెను. 1946 శాసనము ఏఁటికి నూఱుమందికి మాత్రము చోటిచ్చెను. 1965 శాసనముతోఁ గాని తలుపు తెఱచుకొనలేదు. నల్లజాతివారు దెబ్బలుతిని, చెఱసాలలకేఁగి సమానహక్కులకై పోరాడిన దినములవి. తలుపు త్రోసినవారు వారు; లోనికి నడచినవారు మనము. అదియుఁగాక, ఆ శాసనము చదువరులను, వైద్యులను, యంత్రవిద్యానిపుణులను ఏఱి పిలిచినది. జల్లెడ పట్టిన గింజలను చూపి మా చేనంతయు నిట్లే పండినదని చెప్పుకొనుట న్యాయమా?

ఆ రాత్రి మనుమఁడు, “తాతయ్యా, ఇల్లుండియు లేదని యేల చెప్పిరి?” అని యడిగెను. నాకు నోరాడలేదు.

1994లో మా పాఠశాలకు లెక్కలు చెప్పుటకొక క్రొత్త యుపాధ్యాయుఁడు వచ్చెను. మా యింటిలో వీథివైపు భాగము ఖాళీ. అద్దెకడిగెను. అతఁడు మాలపల్లెలోఁ బుట్టినవాఁడని వినియుండుటచే, “బంధువులు దిగుచున్నారండీ” అంటిని. అతఁడు నమస్కరించి వెడలెను. ఆఱు నెలలా గదులకు తాళమే. ఆ యాఱు నెలలు అతఁడు పది మైళ్లు సైకిలు త్రొక్కి వచ్చెను.

స్వదేశము చేరిన పిమ్మట అతనిని వెదకికొనిపోయి తప్పు చెప్పుకొంటిని. “నాకానాఁడే తెలిసినది మాష్టారూ” అని, కూర్చుండుమని పీట వేసెను.

అయ్యలారా! మన బిడ్డలకు పరదేశమున నిల్లు దొరకవలెనని దేవునికి మ్రొక్కుకొనుచున్నాము. మన వాకిట నిల్లడుగవచ్చినవానిని పని యడుగుఁడు, అద్దె మాటాడుఁడు, పుట్టుక నడుగకుఁడు.