స్కాన్ ఉన్నచోటే సూదిమందు

హైదరాబాద్‌లోని కొత్తగూడ కూడలి నుంచి ఏ వైపు కదిలినా కాసేపట్లో ఓ పెద్ద ఆసుపత్రి బోర్డు కనిపిస్తుంది. పక్షవాతంతో మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయిన మనిషికి ఇక్కడ అర్ధరాత్రయినా సీటీ స్కాన్ దొరుకుతుంది. అదే ఆదిలాబాద్‌లో ఎవరైనా 'హైదరాబాద్ తీసుకెళ్లండి' అని రిఫర్ చీటీ రాసిచ్చారంటే, ముందున్న దారి సుమారు 300 కిలోమీటర్లు. మెదడులో రక్తపు గడ్డను కరిగించే సూదిమందుకు గడువు నాలుగున్నర గంటలే. అది దారిలోనే తీరిపోతుంది. మూడు గంటల్లోపు ఈ మందు పడినవారు వైకల్యం లేకుండా లేదా కొద్దిపాటి వైకల్యంతో కోలుకునే అవకాశం కనీసం 30 శాతం ఎక్కువని 1995లోనే అమెరికా పరీక్ష తేల్చింది. మనకు కొరత విజ్ఞానం కాదు, ఏర్పాటు.

జిల్లాకో సూపర్ స్పెషాలిటీ కట్టాలన్నది మామూలుగా వినిపించే జవాబు. నా దృష్టిలో అది సగం జవాబే. గడ్డను గొట్టంతో బయటికి లాగే చికిత్సకు క్యాథ్ ల్యాబ్, నిపుణుల బృందం కావాలి. సూదిమందుకు అంత హంగు అక్కర్లేదు. న్యూరాలజిస్టు లేనిచోట ఇస్తే మెదడులో రక్తస్రావం కాదా అంటారు. నిజమే, 1995 పరీక్షలో మందు పడిన నూటికి ఆరుగురికి అయింది. దాన్నీ కలుపుకొని లెక్కిస్తేనే లాభం తేలింది. కావలసింది నిపుణుడి కన్ను. హిమాచల్ ప్రదేశ్‌లో 2014 నుంచి జిల్లా ఆసుపత్రుల డాక్టర్లు స్కాన్ బొమ్మలు ఫోన్లో న్యూరాలజిస్టుకు పంపి, ఆయన సరేనన్నాక మందు ఎక్కించారు. మందు ఉచితం. కొండల్లో సాగిన పని సైబరాబాద్ ఉన్న రాష్ట్రంలో సాగదంటే నవ్వొస్తుంది.

జనమే ఆలస్యంగా వస్తారు, ముందు పసరు మందుకు పోతారన్నది ఇంకో మాట. అదీ నిజమే. అయితే వెళ్లినా మందు లేని ఆసుపత్రికి ఎవరు పరుగెత్తుతారు? పైగా దగ్గరితనం ఒక్కటే చాలదు. ఇక్కడి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒంటరిగా పడుకున్న వాచ్‌మన్ తెల్లారి లేచేసరికి కాలు కదలకపోతే, గడువు లెక్క అతను బాగుండగా చివరిసారి కనిపించిన వేళ నుంచి మొదలవుతుంది. ఆ వేళ చెప్పేవారు ఉండరు. ఆ తర్వాత ముందే డబ్బు కట్టమనే ఆసుపత్రి అడ్వాన్సు కౌంటర్ ఉండనే ఉంది.

వైద్య పట్టా పుచ్చుకున్న మీలో జిల్లా ఆసుపత్రుల్లో చేరేవారు మొదటి వారంలోనే కనుక్కోండి: రాత్రి రెండింటికి సీటీ నడుస్తుందా, సూదిమందు నిల్వ ఉందా, స్కాన్ ఎవరి ఫోనుకు పంపాలి? ఏది లేకపోయినా కాగితం మీద రాసి సూపరింటెండెంటుకు ఇవ్వండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.