బెల్టుతో తిరిగే లేత్: కంటికి కనిపించే భౌతికశాస్త్రం



ఇవాళ్టి మన విషయం బెల్టుతో నడిచే పాత లేత్ యంత్రం. ఈనాటి యంత్రాల్లో గేర్లు పెట్టెలో దాగి ఉంటాయి. పాత లేత్‌లో కదిలే ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది. అందువల్ల దాన్ని చూసి నేర్చుకోవడం సులువు. కాని కనిపించే ఆ భాగాలే చేతికీ తగులుతాయి. ఈ రెండు సంగతులనూ కలిపి తెలుసుకుందాం.

పుదుచ్చేరిలో 1898లో మొదలైన ఆంగ్లో ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్ మిల్లు 2020లో మూతపడింది. అది మొదలైన కాలంలో కర్మాగారాలు చాలావరకు ఒకే పద్ధతిలో నడిచేవి. ఒక ఆవిరి యంత్రం పైకప్పు కింద ఉన్న పొడవాటి షాఫ్టును తిప్పేది. దాని నుంచి ఒక్కో యంత్రానికి ఒక్కో బెల్టు దిగేది. విద్యుత్ మోటార్లు వచ్చాక యంత్రానికొక మోటారు అమరింది. మన దేశంలో తయారైన తొలి మోటారుగా పేరొందినది 1937లో కోయంబత్తూరులో రూపొందింది. దాన్ని తయారు చేసిన జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు అక్కడి తెలుగు కుటుంబాలవారే.

మన కదిర్కామంలో ఇంటి వెనక షెడ్డులో పాత లేత్ నడపాలంటే ఒక చిన్న మోటారు, ఒక కౌంటర్ షాఫ్టు చాలు. లెక్క చూడండి. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. దాని పుల్లీ వ్యాసం 75 మిల్లీమీటర్లు, కౌంటర్ షాఫ్టు పుల్లీ వ్యాసం 300 అయితే వేగం నాలుగో వంతుకు, అంటే 360కి తగ్గుతుంది. అక్కడి నుంచి లేత్‌కు 100, 150, 200 మిల్లీమీటర్ల మెట్ల పుల్లీలు ఎదురెదురుగా, తలకిందులుగా ఉంటాయి. బెల్టును మెట్టు మారిస్తే స్పిండిల్ వేగం 720, 360, 180 అవుతుంది. వేగం సగమైతే తిప్పే బలం దాదాపు రెట్టింపవుతుంది.

ఇన్ని వేగాలు ఎందుకు? 50 మిల్లీమీటర్ల కడ్డీని 180 చుట్లతో, 25 మిల్లీమీటర్ల కడ్డీని 360 చుట్లతో తిప్పండి. రెండింటిలోనూ లోహం ఉలి ముందు నిమిషానికి సుమారు 28 మీటర్ల వేగంతోనే సాగుతుంది. మెత్తటి ఉక్కును కోయడానికి హైస్పీడ్ స్టీలు ఉలికి ఈ వేగం తగినది.

ఇంకో విశేషం. ఈ పుల్లీల నడిమి భాగం కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. తిరిగే బల్లపరుపు బెల్టు పెద్ద వ్యాసం వైపుకే జరుగుతుంది. అందువల్ల గాడి లేకపోయినా అది నడుమనే నిలుస్తుంది.

పాత లేత్‌ను బాగుచేసేటప్పుడు మొదట మోటారు పెట్టకండి. చేత్తో తిప్పి, గేర్ల పళ్లు విరిగాయేమో చూడండి. తుప్పును కిరసనాయిలుతో నానబెట్టి తుడవండి. బెడ్ దారులను గరుకు కాగితంతో రుద్దితే వాటి సూటిదనం పోతుంది. పాత రంగులో సీసం ఉండవచ్చు గనుక దాన్ని పొడిగా గీకి దుమ్ము లేపకూడదు. ఇత్తడి వంటి మిశ్రలోహపు బేరింగులు పలుచని నూనె పొర మీద తేలుతూ తిరుగుతాయి. నూనె లేకపోతే లోహం లోహాన్ని అరగదీస్తుంది. మన సముద్రపు గాలికి తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి పని ముగిశాక నూనె గుడ్డతో తుడవాలి.

ఉలి ఇరుక్కుంటే బెల్టు జారి యంత్రాన్ని కాపాడుతుంది. మీ చేతిని మాత్రం కాపాడదు. బెల్టు పుల్లీలోకి దూరే చోట చున్నీ కొసో, చొక్కా చేయో చిక్కితే బెల్టు జారేలోపే గాయమైపోతుంది. కాబట్టి బెల్టుకు ఇనుప జాలీ కప్పు బిగించండి. మోటారు ఆపి, ప్లగ్గు తీశాకే మెట్టు మార్చండి. గాజులు, ఉంగరాలు, చేతి తొడుగులు వద్దు. జుట్టు ముడివేసుకోండి, కళ్లద్దాలు పెట్టుకోండి. చక్ తాళాన్ని చక్‌లో వదలకండి. పక్కన తెలిసిన పెద్దవారు ఉండాలి.

మీ ఊరి వర్క్‌షాపులో ఇలాంటి లేత్ ఉంటే, అది ఆగి ఉన్నప్పుడు పుల్లీల వ్యాసాలు కొలవండి. దాని వేగాలన్నీ కాగితం మీద లెక్కగట్టి, నడిపేవారిని అడిగి సరిచూసుకోండి. సెలవు.